పరిశోధనకు ప్రశ్న ఎలా పుడుతుంది? – సమాచార వ్యవస్థల విద్యార్థులకు ఒక పాఠం

మన హాస్టల్లో చదువుకుని డిగ్రీ, ఎంసీఏ, ఎంబీఏ, ఎంటెక్ దాకా వెళ్లిన తమ్ముళ్లు చాలామంది చివరి సెమిస్టరులో ఒకే చోట ఆగిపోతారు. ప్రాజెక్టు రిపోర్టో, పరిశోధనా పత్రమో రాయాలి. అంశం దొరకదు. అమీర్‌పేటకు వెళ్లి తయారుగా ఉన్న ప్రాజెక్టు కొనుక్కొచ్చి, అట్ట మీద పేరు మార్చి ఇస్తే మార్కులు పడవచ్చు. కానీ "ఈ అంశమే ఎందుకు తీసుకున్నావు?" అని ఇంటర్వ్యూలో అడిగితే నోరు పెగలదు. చదువు మన ఇంట్లో మొదటిసారి మనతోనే మొదలైంది. అడిగి చెప్పించుకోవడానికి పెద్దవాళ్లు లేరు. అందుకే అంశం ఎంచుకోవడం, దాని వెనుక సిద్ధాంతం కట్టడం ఎలాగో మన ప్రాంతం ఉదాహరణలతో ఈ వార్షికోత్సవ సంచికలో వివరించడానికి ప్రయత్నిస్తున్నాను.

1. సమాచార వ్యవస్థ అంటే ఏమిటి?

కంప్యూటరు ఒక్కటే సమాచార వ్యవస్థ కాదు. రేషన్ షాపు సంగతి చూడండి. అక్కడ వేలిముద్ర యంత్రం ఉంది, కార్డు ఉంది, డీలరు ఉన్నాడు, తూకం ఉంది, ప్రభుత్వ నియమం ఉంది, వరుసలో నిలబడ్డ ముసలవ్వ ఉంది. పొలం పని చేసి చేసి ఆ అవ్వ వేలిముద్ర అరిగిపోతే ఏం చేయాలో డీలరుకు తెలిసి ఉండటం కూడా ఆ వ్యవస్థలో భాగమే. సాఫ్ట్‌వేర్ తయారు చేయడం ఒక పని. ఆ సాఫ్ట్‌వేర్ వచ్చాక మనుషుల పని, ఖర్చు, సమయం, అధికారం ఎలా మారాయో, ఎందుకు మారాయో చెప్పడం మరో పని. ఈ రెండోదే మన శాస్త్రం. కౌంటరు ఇవతల నిలబడిన అనుభవం మనకు కావలసినంత ఉంది కాబట్టి ఈ శాస్త్రంలో మనం ఎవరికీ తక్కువ కాము.

2. అంశం వేరు, ప్రశ్న వేరు

"జహీరాబాద్ మండలంలో మీసేవ" అనేది అంశం. దీని మీద ఏమీ చెప్పకుండానే నలభై పేజీలు నింపవచ్చు. ఉమ్మడి రాష్ట్రంలో 2001లో ఈ-సేవ వచ్చింది, 2011 నవంబరులో మీసేవ మొదలైంది అని చరిత్ర రాస్తే అది సమాచారం మాత్రమే. "ఒకే రోజు, ఒకే ధ్రువపత్రానికి దరఖాస్తు పెట్టిన ఇద్దరిలో ఒకరికి త్వరగా, మరొకరికి ఆలస్యంగా వస్తే, ఆ తేడా దేనివల్ల?" అని అడిగితే అది ప్రశ్న. ఒకేలా ఉండాల్సినవి వేరుగా కనిపించిన చోట ప్రశ్న పుడుతుంది.

ప్రశ్న దొరికిందనుకున్నాక మూడు పరీక్షలు పెట్టండి.

(అ) జవాబు ముందే అందరికీ తెలుసా? తెలిస్తే వదిలేయండి.
(ఆ) మనం అనుకున్న జవాబు తప్పని తేలే అవకాశం ఉందా? లేకపోతే అది పరిశోధన కాదు, నినాదం.
(ఇ) మనకున్న నాలుగు నెలల్లో, బస్సు చార్జీలకు సరిపడే డబ్బులో ఆ సమాచారం తేగలమా?

3. సిద్ధాంతం అంటే భయపడాల్సింది లేదు

డేవిడ్ వెటెన్ అనే అమెరికన్ ఆచార్యుడు 1989లో రాసిన ఒక చిన్న వ్యాసం ఈ విషయంలో ఇప్పటికీ దారి చూపుతుంది. సిద్ధాంతంలో నాలుగింటికి జవాబుండాలన్నాడు. ఏయే భావనలు? అవి ఒకదానితో ఒకటి ఎలా ముడిపడ్డాయి? ఎందుకు అలా ముడిపడ్డాయి? ఎవరికి, ఎక్కడ, ఎప్పుడు ఇది వర్తిస్తుంది? మన ప్రాజెక్టుల్లో మొదటి రెండూ ఉంటాయి. మూడోది ఉండదు. 'ఎందుకు' లేని బాణం గుర్తుల బొమ్మ సిద్ధాంతం కాదు.

దీనికి నాకు తెలిసిన మంచి ఉదాహరణ మన బాబాసాహెబే. 1916 మే 9న, 25 ఏళ్ల వయసులో, కొలంబియా విశ్వవిద్యాలయంలో 'భారతదేశంలో కులాలు' అనే పత్రం చదివారు. అందులో ఆయన చేసిన పని గమనించండి. మొదట సెనార్ట్, నెస్‌ఫీల్డ్, రిస్లీ, కేత్కర్ కులాన్ని ఎలా నిర్వచించారో పరిశీలించారు. వాళ్ల మాటలను వరుసగా పేర్చి వదిలేయలేదు. ఎవరు దేన్ని కేంద్రంగా పెట్టుకున్నారు, అందులో ఏం మిగిలిపోయింది అని తూచారు. తర్వాత కులానికి మూలం కులంలోపలి పెళ్లి అని ఒక్క భావన తీసుకున్నారు. ఆ నియమం నిలబడాలంటే పెళ్లి వయసు ఆడ, మగ సంఖ్యలు సమానంగా ఉండాలి. భర్త పోయిన స్త్రీ, భార్య పోయిన పురుషుడు ఆ లెక్కను చెడగొడతారు. అందువల్లనే సతి, బలవంతపు వైధవ్యం, బాల్య వివాహం పుట్టాయని వివరించారు. విడివిడి ఆచారాలుగా కనిపించే మూడింటికి ఒకే కారణం చూపారు. సిద్ధాంతం అంటే ఇదే. పరిచయ అధ్యాయం, గత రచనల సమీక్ష ఎలా రాయాలో తెలియనివారు ఈ పత్రాన్ని ఒకసారి ఆ దృష్టితో చదవండి.

4. హద్దు ఎక్కడ ఉందో చూడండి

కొత్త సిద్ధాంతం ఆకాశం నుంచి ఊడిపడదు. ఉన్న సిద్ధాంతం ఎక్కడ పనిచేయడం ఆగుతుందో చూస్తే మన వంతు కనిపిస్తుంది.

రాబర్ట్ జెన్సెన్ అనే ఆర్థికవేత్త ఉత్తర కేరళ మత్స్యకారుల మీద చేసిన పరిశోధన 2007లో వెలువడింది. 1997 నుంచి 2001 దాకా ఒక్కో ప్రాంతానికి ఒక్కో సమయంలో సెల్‌ఫోన్ సేవ వచ్చింది. కాబట్టి ఫోన్ వచ్చిన చోటును, ఇంకా రాని చోటుతో పోల్చగలిగాడు. పడవలో ఉండగానే ఏ రేవులో ధర ఎంతో తెలుసుకోవడంతో రేవుల మధ్య ధరల తేడా బాగా తగ్గింది. చేపలు పారేసుకోవడం దాదాపు పోయింది. మత్స్యకారుల లాభం సుమారు 8 శాతం పెరిగింది, కొనేవారికి ధర సుమారు 4 శాతం తగ్గింది.

ఇప్పుడు ఇదే సిద్ధాంతాన్ని జహీరాబాద్ అల్లం రైతుకు పెట్టి చూడండి. అతని దగ్గరా ఫోన్ ఉంది. హైదరాబాద్ ధర, బీదర్ ధర తెలుసు. కానీ విత్తనానికీ, ఎరువుకూ ఒక అడ్తిదారు దగ్గర అప్పు చేసి, పంట ఆయనకే వేస్తానని మాట ఇచ్చి ఉంటే? ధర తెలుసు, బండి తిప్పే వీలు లేదు. పడవ ఏ రేవుకైనా వెళ్లగలగడం జెన్సెన్ వివరణకు ఆధారం. ఆ ఆధారం లేని చోట ఫలితం ఎలా ఉంటుంది? "ధర సమాచారం వల్ల కలిగే మేలు, అప్పు లేని రైతుకు ఎక్కువగా, అప్పున్న రైతుకు తక్కువగా ఉంటుంది." ఇది పరీక్షించదగిన ప్రతిపాదన. మన ఊరి సంగతి ప్రపంచ పరిశోధనతో మాట్లాడే పద్ధతి ఇది.

5. మచ్నూరు చెప్పే పాఠం

మన పక్కనే మచ్నూరులో సంగం రేడియో ఉంది. డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలది. ఆకాశ తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లో తీర్పు చెప్పింది. స్వచ్ఛంద సంస్థలకు కమ్యూనిటీ రేడియో అనుమతి మాత్రం 2006 విధానంతోనే వచ్చింది. 2008 అక్టోబరు 15న మచ్నూరు కేంద్రం 90.4 ఎఫ్.ఎం. మీద ప్రసారం మొదలుపెట్టింది. అనుమతి రాక ముందు మహిళలు కార్యక్రమాలు క్యాసెట్లలో రికార్డు చేసి సంఘాల్లో వినిపించేవారు. జనరల్ నర్సమ్మ, అల్గోలు నర్సమ్మ వంటి దళిత మహిళలు దాన్ని నడిపించారు. జొన్న, కంది, కొర్ర, విత్తనం, వంట, పాట అన్నీ మన యాసలోనే వినిపిస్తాయి.

సమాచార వ్యవస్థల పుస్తకాల్లో ఎక్కువగా కనిపించేది ఫ్రెడ్ డేవిస్ 1989లో చెప్పిన నమూనా. ఒక సాధనం తనకు ఉపయోగమనీ, వాడటం సులువనీ మనిషి నమ్మితే దాన్ని వాడతాడు అని దాని సారం. ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చున్న ఉద్యోగికి అది బాగా సరిపోతుంది. కానీ మచ్నూరులో వినేవారే చెప్పేవారు. పక్క ఊరి అక్క గొంతు కాబట్టి విత్తనం మాట నమ్ముతారా? సమాచారం ఎవరిదన్న ప్రశ్నకు ఆ నమూనాలో చోటు లేదు. "సమాచారం తయారీలో పాలు పంచుకున్నవారు దాన్ని ఎక్కువగా నమ్మి ఆచరణలో పెడతారా?" అని అడిగితే మంచి పరిశోధనాంశం అవుతుంది. పస్తాపూర్, మచ్నూరు మనకు ఆటో దూరం.

6. స్కాలర్‌షిప్పు మీద ఒక సిద్ధాంతం కడదాం

ఇప్పుడు మనందరికీ తెలిసిన ఈ-పాస్ తీసుకుందాం. ఇక్కడ జవాబు చెప్పడం లేదు, జవాబు వెతికే దారి మాత్రం చూపిస్తున్నాను.

చిక్కు: ఒకే కాలేజీ, ఒకే కోర్సు, ఒకే వెబ్‌సైటు. ఒకరి దరఖాస్తు త్వరగా మంజూరవుతుంది, మరొకరిది ఆగుతుంది. ఎందుకు?

అందరూ చెప్పే జవాబు: ఆ పిల్లవాడికి కంప్యూటరు రాదు.

మన జవాబు: ఆలస్యం పేర్లు కలవకపోవడం వల్ల. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా, ఆధార్‌లో ఒక్క అక్షరంగా, బ్యాంకు పాసుబుక్కులో చివర. మూడూ ఒకే మనిషివని మనకు తెలుసు, యంత్రానికి తెలియదు. ఏ కార్యాలయం తన పుస్తకం తను చూసుకుంటుంది. వాటిని కలిపే భారం విద్యార్థి మీద పడుతుంది. దిద్దించుకోవడానికి తండ్రి ఒకరోజు కూలి పోగొట్టుకుని రావాలి.

దీని నుంచి మూడు ప్రతిపాదనలు వస్తాయి.

మొదటిది: రికార్డుల్లో పేరు తేడాలు పెరిగేకొద్దీ పరిశీలన ఆలస్యమవుతుంది.
రెండవది: దిద్దుబాటు చేసే కార్యాలయం దూరమైన కొద్దీ ఆ ఆలస్యం ఇంకా పెరుగుతుంది.
మూడవది: హాస్టల్లో ఈ పని తెలిసిన సీనియర్ ఉంటే ఆలస్యం తగ్గుతుంది.

ఒక జాగ్రత్త. బడ్జెట్ విడుదల కాక డబ్బు ఆగడం వేరు, దరఖాస్తు పరిశీలనలో ఆగడం వేరు. మొదటిది అందరికీ ఒకేలా తగులుతుంది. కాబట్టి దరఖాస్తు తేదీ నుంచి మంజూరు తేదీ దాకా ఒక లెక్క, మంజూరు నుంచి ఖాతాలో పడే దాకా ఇంకో లెక్క రాయాలి. రెండూ కలిపేస్తే మన సిద్ధాంతం నిజమో కాదో తెలియదు.

మనం ఓడిపోయే షరతు కూడా ముందే రాసుకోవాలి. పేర్లు సరిగ్గా కలిసినవాళ్లకూ, కలవనివాళ్లకూ పరిశీలనకు సమానంగా రోజులు పట్టితే మన వివరణ తప్పు. అప్పుడు ఆ మాటే పత్రంలో రాయాలి. కంప్యూటరు నేర్పే తరగతులు పెట్టాలా, పేరు దిద్దే కౌంటరు కాలేజీకే రావాలా అన్నది ఈ లెక్క మీదే ఆధారపడుతుంది. కారణం తప్పుగా గుర్తిస్తే మందు కూడా తప్పే అవుతుంది, నష్టపోయేది మన తమ్ముళ్లే.

7. మరచిపోకూడనివి

* సీనియర్ అడిగితే జూనియర్ కాదనలేడు. అందుకే ఇష్టమైతేనే చెప్పమని స్పష్టంగా చెప్పండి. పేరు, ఆధార్ సంఖ్య రాసుకోవద్దు.
* "అవును, కాదు, కొంతవరకు" అని టిక్కులు పెట్టించే కాగితాలు పంచే ముందు పదిమందితో కూర్చుని మాట్లాడండి. ఏం అడగాలో వాళ్లే చెబుతారు.
* మీ సొంత కష్టం ప్రశ్నకు విత్తనం మాత్రమే. అది రుజువు కాదు.
* చదివిన ప్రతి వ్యాసానికీ ఒక్క వాక్యం రాయండి: ఇతను చెప్పిన కారణం ఏమిటి, అది మన దగ్గర వర్తిస్తుందా?

ఈ వారమే ఒక తెల్లకాగితం తీసుకోండి. పైన చిక్కు ఒక వాక్యంలో, దాని కింద అందరూ చెప్పే జవాబు, ఆ తర్వాత మీ జవాబు, 'ఎందుకంటే' అని మొదలుపెట్టి రెండు వాక్యాలు, అట్టడుగున మీరు తప్పని తేలే షరతు రాయండి. ఆ పేజీ నిండితే మీ పత్రానికి పునాది పడినట్టే. నిండకపోతే ఏ గడి ఖాళీగా ఉందో చూడండి, అక్కడే పని ఉంది. ఆ కాగితం మీ గైడుకు చూపించే ముందు హాస్టల్లో పక్క మంచం మీద ఉన్న మిత్రుడికి చదివి వినిపించండి. అతనికి అర్థమైతే ఎవరికైనా అర్థమవుతుంది.