కొత్త టైర్లు వేయించాక కారు ఎందుకు వణుకుతుంది?

కొత్త టైర్లు వేయించిన కారు గంటకు 60 కిలోమీటర్ల వేగం వరకు సాఫీగానే నడుస్తుంది. 80 దాటగానే స్టీరింగ్ వణకడం మొదలవుతుంది. ఇలాంటప్పుడు చాలామంది వీల్ అలైన్‌మెంట్ చేయిస్తారు. అయినా వణుకు తగ్గదు. అలైన్‌మెంట్ అంటే చక్రాల కోణాలను సరిచేయడం. అది తప్పితే బండి ఒక పక్కకు లాగుతుంది, టైరు ఒకవైపే అరుగుతుంది. వేగంతోపాటు పెరిగే వణుకుకు మొదట అనుమానించాల్సింది బ్యాలెన్సింగ్‌నే.

ఏ టైరులోనూ బరువు చుట్టూ కచ్చితంగా సమానంగా ఉండదు. అందుకే రిమ్ముకు చిన్న బరువులు బిగించి సరిచేస్తారు. 15 అంగుళాల రిమ్ము అంచున 30 గ్రాముల తేడా మిగిలిపోయిందనుకుందాం. టైరు వ్యాసార్ధం 30 సెంటీమీటర్లయితే, గంటకు 100 కిలోమీటర్ల వేగంలో చక్రం సెకనుకు దాదాపు 15 చుట్లు తిరుగుతుంది. అప్పుడు ఆ 30 గ్రాములు చక్రాన్ని లాగే బలం సుమారు 5 కిలోల బరువుకు సమానం! ఈ బలం వేగం వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. కాబట్టి 50 కిలోమీటర్ల వేగంలో అది నాలుగో వంతే. కుదుపుల పౌనఃపున్యం సస్పెన్షన్ సహజ పౌనఃపున్యానికి దగ్గరైనప్పుడు అనునాదం వల్ల వణుకు ఎక్కువవుతుంది. ఆ వేగం దాటాక తగ్గినట్టు అనిపించవచ్చు. కానీ లోపం అలాగే ఉంటుంది.

లోపం ఎక్కడుందో లక్షణాలే చెబుతాయి. స్టీరింగ్ వణికితే ముందు చక్రాలను, సీటు వణికితే వెనుక చక్రాలను ముందుగా పరీక్షించాలి. బ్రేకు వేసినప్పుడే వణికితే బ్రేకు డిస్కులను చూడాలి. ముందు చక్రాలను వెనక్కి మార్చినప్పుడు వణుకు కూడా వెనక్కి వెళితే, లోపం టైరులోనో రిమ్ములోనో ఉన్నట్టే. మారకపోతే హబ్, బేరింగ్, సస్పెన్షన్‌ల వైపు చూడాలి.

బ్యాలెన్సింగ్ సరిగ్గా ఉన్నా వణుకు పోకపోవచ్చు. టైరు అంచు రిమ్ములో సరిగా కూర్చోకపోయినా, హబ్‌పై తుప్పు వల్ల చక్రం వంకరగా బిగిసినా ఇలా జరుగుతుంది. టైరు పక్క గోడపై రిమ్మును ఆనుకుని ఉండే సన్నని గీత చుట్టూ ఒకే దూరంలో కనిపించాలి.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది వదులైన చక్రం నట్టు. టైర్లు మార్చిన వెంటనే తక్కువ వేగంలోనే చక్రం ఊగినా, టకటకమని చప్పుడు వచ్చినా బండిని రోడ్డు పక్కన ఆపి నట్లు చూసుకోవాలి. వాటిని ఎదురెదురు క్రమంలో, తయారీదారు చెప్పిన టార్క్‌కు బిగించాలి. కొంతదూరం నడిపాక మరోసారి సరిచూడాలి. అలైన్‌మెంట్ ఆ తర్వాతి సంగతి.