సోయా చేలో కలుపు, జింకలు: సందేహాలు - సమాధానాలు

మాది పవర్‌లూమ్ పని. అక్కల్‌కోట్ వైపు 2 ఎకరాలు కౌలుకు తీసుకుని సోయా వేశాం. 22 రోజులైంది. ముసురు పట్టి కలుపు తీయలేకపోయాం. ఇప్పుడు సాళ్లే కనబడటం లేదు. పంట పోయినట్టేనా?
– ఒక పాఠకుడు, హోట్గి రోడ్, సోలాపూర్

పోలేదు, ధైర్యంగా ఉండండి. సోయాకు మొదటి 40-45 రోజులే గండం; ఆ తర్వాత ఆకులు సాళ్లను కమ్మేస్తే ఆ నీడకు కలుపు పెద్దగా లేవదు. నేల ఆరి, కాలు దిగబడకుండా ఉన్న రోజు చూసి సాళ్ల మధ్య గుంటుక తోలండి, మొక్కల మధ్య ఉన్నది చేత్తో తీయించండి. పూత మొదలయ్యాక గుంటుక వద్దు, వేళ్లు తెగుతాయి. కలుపు సోయాను మించి పెరిగి దాని మీద నీడ పడుతుంటే మాత్రం ఇంకో వారం చూద్దామనుకోకండి.

దుకాణంలో ఇచ్చిన ఇమాజితాపిర్ కలుపుమందు కొట్టాను. నాలుగో రోజుకు సోయా ఆకులే పసుపుబారాయి. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు.
– మగ్గం కార్మికుడు, హోట్గి రోడ్

నిశ్చింతగా పడుకోండి, ఈ పసుపు చాలా చేలల్లో కనిపించేదే. మొక్క కాస్త కుంగి, 7-10 రోజుల్లో కొత్త ఆకు వేసి తేరుకుంటుంది. కలుపు చావలేదని ఎకరాకు 400 మి.లీ. దాటించి మళ్లీ కొట్టకండి, నేలలో మిగిలిన మందు యాసంగి జొన్నను దెబ్బతీయవచ్చు. ఆకులు ముడుచుకున్నా, చిగురు మాడినా అప్పుడు అనుమానించాలి: అదే పంపుతో అంతకుముందు 2,4-డి కొట్టారా, డబ్బా మీద గ్లైఫోసేట్ అని ఉందా? అమెరికా వీడియోల్లో సోయా మీదే గ్లైఫోసేట్ కొడుతుంటారు. వాళ్ల సోయా జన్యుమార్పిడి రకం, దాని సాగుకు మన దేశంలో అనుమతి లేదు. మన సోయా ఆ మందుకు చచ్చిపోతుంది.

నాన్నజ్ దగ్గర మా బావగారి చేను. కృష్ణజింకలు పడి చిగుళ్లన్నీ కొరికేశాయి, కొరికిన మేరే కలుపు దట్టంగా లేస్తోంది. దున్నేసి మళ్లీ విత్తమంటున్నారు.
– ఒక పాఠకుడు, సోలాపూర్

తొందరపడి దున్నించకండి. బట్టమేక పిట్టల అభయారణ్యం పక్కన చేను కదా, జింకలు రావడం మామూలే. ముందు వంగి మొండిని చూడండి. మొలకలో మొదట విచ్చుకునే రెండు దళసరి బద్దలకు పైన కొరికి ఉంటే ఆ కణుపుల నుంచి కొమ్మలు వస్తాయి. బద్దల కింద తెగితే ఆ మొక్క ఇక లేవదు. చాలా మొక్కలు కింద తెగితేనే మళ్లీ విత్తే మాట.

కలుపు సంగతికొస్తే, ఆకు పోయింది, నేలకు ఎండ తగిలింది, అంతే. మిగతా చేలో 45 రోజులకు ఆపే కలుపుతీతను అక్కడ మాత్రం సాళ్లు మూసుకునేదాకా సాగించాలి. అమెరికాలో కొందరు జింకల మేత కోసమే సోయా వేస్తారు, మనకు వింతే. మొక్క ఎదగక ముందే జింకలు పడితే వాళ్లకూ ఇదే తంటా, అందుకే కొన్ని వారాలు కంచె కట్టి ఆపుతారు. మీరూ వల కంచెనో కాపలానో చూసుకోండి. పాత చీరలు కడితే కొన్నాళ్లే పనిచేస్తాయి, జింకలు అలవాటుపడిపోతాయి.

కంచెకు కరెంటు మాత్రం పెట్టనివ్వకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో కృష్ణజింక మొదటి షెడ్యూలులో ఉంది, దాన్ని చంపితే నేరం; పైగా ఆ తీగకు మనుషులూ బలైపోతున్నారు. మహారాష్ట్రలో అటవీ శాఖ పంట నష్టపరిహారం ఇస్తుంది. నష్టం కనబడగానే ఫొటోలు తీసి ఆలస్యం చేయకుండా అర్జీ పెట్టించండి.

మా చేలో గునుగు మొలిచింది. బతుకమ్మకు ఉంచుకోవాలని ఆశ. పంటకు కీడా?
– ఒక గృహిణి, హోట్గి రోడ్

గట్టు మీది గునుగు హాయిగా ఉంచుకోండమ్మా. సాళ్లలోది ఇప్పుడే పీకేయండి, గట్టు మీదిది నల్లగింజ రాలక ముందే కోసుకోండి. కోసేటప్పుడు పక్కనున్న వయ్యారిభామ, అదే మీ దగ్గర గాజర్ గవత్ అంటారే, చేతికి తగలనివ్వకండి. దురద, దద్దుర్లు తగ్గకపోతే డాక్టరుకు చూపించండి. నిజంగా జాగ్రత్తపడాల్సింది ఉమ్మెత్తతో, దాని గింజలు మనిషికీ పశువుకూ విషమే. కోతకు ముందు చేనంతా తిరిగి దాన్ని పీకించండి, నూర్పిడిలో గింజలు కలిశాయనిపిస్తే ఆ సోయాను ఇంట్లో వాడకండి, గొడ్లకూ వేయకండి.