గాజుపై కాంతి చెక్కడము

కనిగిరి పరిసరముల గ్రానైటు రాళ్లలో మెరయు పలుగును మనమందరము చూచినవారమే. అది రసాయనికముగా సిలికా. స్వచ్ఛమైన సిలికాను సుమారు 1,700 డిగ్రీల సెల్సియస్ వద్ద కరిగించి చల్లార్చినచో సిలికా గాజు లభించును. కాంతిని నిరాటంకముగా పోనిచ్చు ఈ గాజుపై, ఆ కాంతితోనే గుర్తులు చెక్కుట ఎట్లు సాధ్యమో పరిశీలింతము.

సిలికా గాజులో ఎలక్ట్రానులు గట్టిగా బంధింపబడి యుండును. ఒక ఎలక్ట్రానును విడదీయుటకు సుమారు 9 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి కావలెను. 800 నానోమీటర్ల లేసరు కాంతిలో ఒక్కొక్క ఫోటాను శక్తి 1.55 ఎలక్ట్రాన్ వోల్టులు మాత్రమే. కనుకనే ఆ కాంతి గాజు గుండా సాగిపోవును. కాని ఆరు ఫోటానులు ఏకకాలమున ఒకే ఎలక్ట్రానును చేరినచో? ఒక్కొక్కరుగా నెట్టినపుడు కదలని బండ, ఆరుగురు కలిసి నెట్టినపుడు కదలును గదా!

అట్లు జరుగవలెనన్న కాంతి మిక్కిలి తీవ్రము కావలెను. శక్తిని కాలముచే భాగించగా వచ్చునది సామర్థ్యము. సెకండులో పదికోట్ల కోట్లవ వంతు ఒక ఫెమ్టోసెకండు. 100 గ్రాముల బరువును ఒక మిల్లీమీటరు ఎత్తుటకు ఒక మిల్లీజౌలు శక్తి చాలును. అంతటి స్వల్పశక్తినే 100 ఫెమ్టోసెకండ్లలో వెలువరించినచో, సామర్థ్యము 1,000 కోట్ల వాట్లగును! ఇట్టి స్పందములను ముందు సాగదీసి, బలపరచి, పిమ్మట కుదించు పద్ధతిని 1985లో డోనా స్ట్రిక్‌లాండ్, జెరార్ మూరూ ప్రకటించిరి. అందులకు 2018లో వారికి నోబెల్ బహుమతి లభించెను.

నానోసెకండు స్పందము గాజును తాకినపుడు, గాజులోని మలినములు, లోపములు మొదట వేడెక్కును. ఆ వేడి చుట్టును ప్రాకి, గాజు కరగి పగుళ్లు బారును. ఎచ్చట పగులునో ముందుగా చెప్పుట కష్టము. ఫెమ్టోసెకండు స్పందము తీరు వేరు. ఎలక్ట్రానులు తాము గ్రహించిన శక్తిని పరమాణువులకు అందించుటకు కొన్నివేల ఫెమ్టోసెకండ్లు పట్టును. అప్పటికే స్పందము ముగిసిపోవును. వేడి ప్రాకక మునుపే పలుచని పొర ఎగిరిపోయి, శుభ్రమైన అంచు గల గుంట మిగులును. శక్తి చాలనిచో గుర్తే పడదు. మితిమీరినచో ఇచ్చటను పగుళ్లు తప్పవు. ఒకేచోట అనేక స్పందములు పడినచో, పత్తిచేని సాళ్లవంటి సూక్ష్మరేఖలు ఏర్పడును. వాని దిశ కాంతి ధ్రువణముపై ఆధారపడును.

ఇది పరదేశపు ముచ్చట మాత్రమే కాదు. హైదరాబాదు విశ్వవిద్యాలయమున ఆచార్య డి. నారాయణరావు, ఆచార్య ఎస్. వేణుగోపాలరావు తమ సహచరులతో కలిసి, ఫెమ్టోసెకండు లేసరుతో గాజులలోను, పాలిమర్లలోను సూక్ష్మనిర్మాణములను లిఖించి, ఫలితములను ప్రకటించిరి. ఇంగ్లండులోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయము వారు 2013లో ఇట్టి స్పందములతో సిలికా గాజు లోపల ఒక పాఠ్యమునే భద్రపరచి, తిరిగి చదివి చూపిరి. కాగితము చివుకును, అయస్కాంత నాడా చెడును. గాజులోని వ్రాత వేడికి, తడికి లొంగనిది.

శక్తి ఎంత అనునది ఒక్కటే కాదు, ఎంత కాలములో అనునదియు ఫలితమును నిర్ణయించును. విలువైన కటకమును పగులగొట్టగల లేసరే, కాలము కుదించినచో సున్నితమైన ఉలియగును. సామర్థ్యమునకు మనము తరగతిలో వ్రాసుకొను చిన్న సూత్రమున ఇంత అర్థమున్నది. దానిని మార్కుల కొరకు మాత్రమే వల్లించి విడిచిపెట్టరాదు.