ఆదివాసీ కళ - విశ్వవిద్యాలయాల బాధ్యత

గుజరాత్‌లోని ఛోటా ఉదేపూర్ ప్రాంతపు రాఠ్వాలు ఇంటి గోడపై పిఠోరా దేవుని గుర్రాలను చిత్రిస్తారు. అది అలంకారం కాదు, మొక్కుబడి. పూజారి పూనకంలో బొమ్మలను ఒక్కొక్కటిగా గుర్తించి ఆమోదించవలెను. అట్టి చిత్రాన్ని మ్యూజియంలో ఉంచి, క్రింద ‘జానపద చిత్రం, చిత్రకారుడు తెలియదు’ అని వ్రాసినచో మొక్కూ మరుగవుతుంది, మనిషీ మరుగవుతాడు.

కనుకనే సంగ్రహాలయ నిర్వాహకులకు శిక్షణ ఆవశ్యకం. బరోడాలోని మహారాజా సయాజీరావ్ విశ్వవిద్యాలయం 1952లోనే మ్యూజియాల నిర్వహణ శాస్త్రానికి ఒక విభాగాన్ని నెలకొల్పినది. వస్తువులను నమోదు చేయుట, భద్రపరచుట, ప్రదర్శించుట అచ్చటి పాఠ్యాంశాలు.

అయితే గ్రామం మాట వినకుండా ఈ విద్య పూర్తి కాదు. భోపాల్‌లో 1982లో ప్రారంభమైన భారత్ భవన్ కొరకు చిత్రకారుడు జగదీశ్ స్వామినాథన్ కళావిద్యార్థులను పల్లెలకు పంపించారు. అట్లు పటన్‌గఢ్‌లో గుర్తింపబడిన ప్రధాన్ గోండు యువకుడు జన్‌గఢ్ సింగ్ శ్యామ్ ‘అజ్ఞాత కళాకారుడు’గా మిగలలేదు, స్వనామంతోనే ప్రసిద్ధుడైనాడు.

బరోడాలో ఆంగ్లాచార్యులుగా ఉండిన గణేశ్ దేవి మరొక అడుగు వేశారు. ఆయన 1996లో స్థాపించిన ‘భాషా’ సంస్థ తేజగఢ్‌లో ఆదివాసీ అకాడమీని, ‘వాచా’ సంగ్రహాలయాన్ని నెలకొల్పినది. తమ సంస్కృతిని తామే నమోదు చేయునట్లు ఆదివాసీ యువకులకు అచ్చట శిక్షణ లభించినది.

కేంద్ర గిరిజన విశ్వవిద్యాలయాలకు ఆంధ్రప్రదేశ్‌లో 2019లోను, తెలంగాణలో 2023లోను చట్టరూపం లభించినది. సవరల గోడలపై వ్రాసే పూజాచిత్రాలను గూర్చి సవర విద్యార్థియే పరిశోధించి, ఏది ప్రదర్శింపదగునో, ఏది గోడపైనే ఉండవలెనో నిర్ణయించగల నాడే ఈ విద్య సార్థకం.