ముందు బుల్లెట్, తర్వాత పౌడరు

ఇంట్లో తూటాలు చేసుకోవడం కొత్తగా మొదలుపెట్టినవాళ్ళు షాపులో మొదట అడిగేది "ఏ పౌడరు మంచిది?" అని. నన్నడిగితే అది రెండో ప్రశ్న. వేటాడబోయేది ఏ జంతువు, ఎంత దూరం నుంచి, ఏ రాష్ట్రంలో అన్నవి ముందు తేలితే బుల్లెట్ దానంతటదే తేలుతుంది. బుల్లెట్ తేలాక వందకు పైగా ఉన్న పౌడర్లు ఐదారుకి దిగుతాయి. ఆ ఐదారులోంచి ఒకటి ఎంచుకోవడానికి చలి గురించీ, షాపు అరలో ఏం దొరుకుతుందన్నదాని గురించీ ఆలోచిస్తే చాలు.

ఇది డాలస్, హ్యూస్టన్, డెన్వర్ లాంటి చోట్ల వారమంతా ఉద్యోగం చేసుకుంటూ, ఏడాదికోసారి వారం సెలవు పెట్టి వేటకెళ్ళే మనవాళ్ళ కోసం రాస్తున్నాను. ఇండియాలో ఉన్నవాళ్ళు దీన్ని కాలక్షేపానికి చదువుకోవచ్చు గానీ చెయ్యడానికి కాదు. అక్కడ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటని నిషేధించింది. లైసెన్సు లేకుండా తూటాలు తయారు చెయ్యడం 1959 ఆయుధాల చట్టం కింద నేరం.

అమెరికాలోనూ ఒక మెలిక ఉంది. హెచ్1బి, ఎఫ్1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోకూడదని ఫెడరల్ చట్టం. అమెరికాలో ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్సు ఉంటే దానికి మినహాయింపు ఉంది. చాలామందికి తెలియనిది ఏమిటంటే, ఆ చట్టం లెక్కలో తూటా అంటే పూర్తయిన తూటా ఒక్కటే కాదు. ఖాళీ కేసు, ప్రైమరు, బుల్లెట్, పౌడరు దేనికదే తూటా కిందే లెక్క. "ఇంకా తుపాకీ కొనలేదు, పౌడరు డబ్బా మాత్రమే కొన్నాను" అంటే కుదరదు. లైసెన్సు గడువు తేదీ ఎప్పుడో రాసిపెట్టుకోండి. గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళకి ఈ నిషేధం వర్తించదు. రాష్ట్రాల చట్టాలు వేరు, వాటిని విడిగా చూసుకోవాలి.

ఉదాహరణకి .35 వెలెన్ తీసుకుంటాను. 1922లో .30-06 కేసు మూతిని .358 అంగుళాల బుల్లెట్ పట్టేంత వెడల్పు చేస్తే పుట్టిన తూటా ఇది. పేరు అమెరికన్ సైన్యాధికారి, తుపాకుల మీద విస్తారంగా రాసిన టౌన్‌సెండ్ వెలెన్‌ది. అరవై ఏళ్ళకు పైగా గన్‌స్మిత్‌ల చేతిపనిగానే ఉండిపోయి, 1988లో రెమింగ్టన్ కంపెనీ ద్వారా ఫ్యాక్టరీ తూటా అయింది. ఇప్పటికీ పెద్ద షాపుల్లో కూడా దీని తూటాలు రెండు మూడు రకాలు దొరికితే గొప్ప. చేతితో చేసుకోవడం ఈ రైఫిల్‌కి సరదా కన్నా అవసరమే ఎక్కువ.

బుల్లెట్ సంగతి చూద్దాం. టెక్సస్‌లో వైట్‌టెయిల్ జింక, అడవిపంది ఈ రైఫిల్‌కి చిన్న పనులే. 200 గ్రెయిన్ల మామూలు సాఫ్ట్‌పాయింట్ బుల్లెట్, అంటే రాగి తొడుగులో సీసం ఉన్నది, చవకగా దొరికేది, పుష్కలంగా సరిపోతుంది. కొలరాడోకి ఎల్క్ కోసం వెళుతుంటే మాట వేరు. మగ ఎల్క్ 300 కిలోలు తూగుతుంది. ఎదురుగా భుజం మీద తగిలితే ఎముక దాటి లోపలికి పోవాలి. అక్కడ నేను 225 గ్రెయిన్ల దగ్గర ఆగుతాను. 250 గ్రెయిన్లది ఇంకా లోతుకి వెళుతుంది గానీ వేగం తగ్గి దూరంలో కిందికి ఎక్కువ జారుతుంది, భుజానికి తన్ను కూడా ఎక్కువ. సెకనుకి 2,650 అడుగుల దగ్గర 225 గ్రెయిన్ల మొనదేలిన బుల్లెట్‌ని 200 గజాలకి సరిచేసి పెట్టుకుంటే, 300 గజాల దగ్గర సుమారు 8, 9 అంగుళాలు దిగుతుంది. ఏడాదికి వారం వేటాడే మనిషి అంతకన్నా దూరం పేల్చకపోవడమే ఎల్క్‌కి మర్యాద.

ఇక్కడొక గోతి ఉంది. .358 అంగుళాల బుల్లెట్లన్నీ ఒక్క రకం కావు. .35 రెమింగ్టన్ అని పాత లివర్ రైఫిళ్ళ తూటా ఒకటుంది, వేగం సెకనుకి 2,000 అడుగుల చుట్టుపక్కల. దానికోసం చేసిన గుండ్రటి మూతి 200 గ్రెయిన్ల బుల్లెట్లు వ్యాసంలో మన రైఫిల్‌కి అచ్చంగా సరిపోతాయి, ధర తక్కువ. కానీ వెలెన్ వేగంతో దగ్గరనుంచి పెద్ద ఎముకకి తగిలితే లోపలికి వెళ్ళేలోపే చిట్లిపోవచ్చు. కాగితం మీద గురి చూసుకోవడానికి వాడండి, ఎల్క్ మీద వద్దు. పెట్టె మీద వ్యాసం, బరువు మాత్రమే చూసి కొనకుండా, ఏ వేగాల మధ్య పనిచేసేలా తయారు చేశారో కంపెనీ చెప్పినది చూసుకోవాలి.

బుల్లెట్ చిట్లిపోవడం అన్న బాధే ఒక పరిశ్రమకి పునాది వేసింది. 1946లో జాన్ నోస్లర్ అనే వేటగాడు కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో మూస్‌ని కొడితే బుల్లెట్ లోతుకి పోలేదు. ఆయన ఇంటికొచ్చి బుల్లెట్ మధ్యలో రాగి అడ్డుగోడ పెట్టాడు. ముందు సగం విచ్చుకున్నా వెనక సగం చెదరకుండా సాగిపోతుంది. అదే పార్టిషన్, 1948 నుంచి అమ్మకంలో ఉంది, ఎల్క్‌కి ఇవాళ్టికీ నా మొదటి ఓటు దానికే. సీసమే లేని పూర్తి రాగి బుల్లెట్లని బార్న్స్ కంపెనీ 1989లో తెచ్చింది. కాలిఫోర్నియాలో ఉన్నవాళ్ళకి వేరే దారి లేదు. అక్కడ 2019 జులై 1 నుంచి సీసం ఉన్న తూటాతో ఏ వేటా చెయ్యకూడదు. సీసం ముక్కలున్న మాంసం తిని కాండర్ రాబందులు చచ్చిపోతుండడమే దానికి ముఖ్య కారణం. ఇంట్లో పిల్లలకి వేట మాంసం వండిపెట్టేవాళ్ళు కాలిఫోర్నియాలో లేకపోయినా రాగి గురించి ఆలోచించడం మంచిదే.

రాగి సీసం కన్నా తేలిక కాబట్టి, అదే బరువుకి రాగి బుల్లెట్ పొడవుగా ఉంటుంది. పొడవు పెరిగితే దాన్ని నిలకడగా ఉంచడానికి గొట్టం లోపలి గాడుల మెలిక బిగుతుగా ఉండాలి. తొలినాటి రెమింగ్టన్ వెలెన్‌లలో మెలిక 16 అంగుళాలకి ఒక చుట్టు, అంటే వదులు. అలాంటి పాత రైఫిల్ చేతిలో ఉంటే 225, 250 గ్రెయిన్ల రాగి జోలికి పోకుండా 180 లేదా 200 గ్రెయిన్లలో చూసుకోండి. రాగి బరువు కోల్పోదు కాబట్టి తక్కువ బరువుదైనా లోతుకి వెళుతుంది. 12, 14 అంగుళాల మెలికలకి ఈ ఇబ్బంది తక్కువ.

ఇప్పుడు పౌడరు. అనుభవం ఉన్నవాళ్ళు కూడా పొరపడే చోటు ఇది. "నా .30-06కి 4350 అద్భుతంగా పనిచేసింది, వెలెన్ కేసు కూడా అదేగా" అని అదే డబ్బా తీస్తారు. కేసు అదే, నిజం. కానీ మూతి పెద్దది. బుల్లెట్ గొట్టంలో ఒక్క అంగుళం కదిలితే దాని వెనక తెరుచుకునే ఖాళీ సన్న గొట్టంలో కన్నా వెడల్పు గొట్టంలో చాలా ఎక్కువ. ఆ ఖాళీని వాయువుతో నింపి ఒత్తిడి నిలబెట్టాలంటే పౌడరు ఇంకొంచెం త్వరగా కాలాలి. నిదానంగా కాలే పౌడరు కేసునిండా పోసినా సగంలో వెనకబడుతుంది, వేగం రాదు, కొంత కాలకుండానే గొట్టంలోంచి బయటపడుతుంది. అందుకే ఒకే కేసుని సన్నం చేసిన .25-06 నిదానమైన 4831ని కోరుతుంది, .30-06 మధ్యస్థంగా 4350 దగ్గర ఉంటుంది, వెలెన్ 4064, 4895, వార్గెట్, రిలోడర్ 15, ర్యామ్‌షాట్ ట్యాక్ వరుసలోకి వస్తుంది. ఈ లెక్క పట్టుబడితే .338-06 అయినా, 9.3×62 అయినా మాన్యువల్ తెరిచేలోపే పౌడరు ఎక్కడుంటుందో సుమారుగా చెప్పగలరు. చెప్పాక మాన్యువల్ తెరవాల్సిందే లెండి.

ఆ వరుసలో ఏది? ఫోర్ట్ వర్త్‌లో ఆగస్టులో తూటాలు పరీక్షించి, నవంబరులో కొలరాడో కొండల మీద సున్నా కింద 15 డిగ్రీల్లో పేల్చే మనిషికి నా జవాబు వార్గెట్ లేదా హెచ్4895. రెండూ ఆస్ట్రేలియాలో తయారై హాడ్జ్‌డన్ కంపెనీ పేరుతో వస్తాయి, ఉష్ణోగ్రత మారినా ఒత్తిడి, వేగం పెద్దగా మారవు. రిలోడర్ 15 వేగంలో కొంచెం ముందుంటుంది గానీ ఎండకి ఎక్కువ స్పందిస్తుంది. చలికాలంలో ఒత్తిడి అంచుదాకా పెంచి చేసిన తూటా వేసవి ఎండలో కారులో ఉడికి అంచు దాటేస్తుంది. కాబట్టి ఏ పౌడరైనా పరీక్షలు వేడిగా ఉన్న రోజున చెయ్యండి. ట్యాక్ లాంటి బంతి పౌడర్లు కొలపాత్రలోంచి నీళ్ళలా జారతాయి, 4064 పుల్లలు ఇరుక్కుంటూ పడతాయి. వందలకొద్దీ చేసేవాళ్ళకి అది పెద్ద తేడా. సీజనుకి మూడు పెట్టెలు చేసుకునేవాళ్ళు ప్రతి కొలతా తూచే పోస్తారు కాబట్టి పట్టించుకోనక్కర్లేదు.

కేసుని దాదాపు నింపే పౌడరుకి ఇంకో లాభం ఉంది. పొరపాటున రెండుసార్లు పోస్తే పొంగి బల్ల మీద పడుతుంది, కంటికి కనబడుతుంది. పగలంతా మీటింగుల్లో నలిగి రాత్రి పదింటికి బల్ల ముందు కూర్చునేవాళ్ళకి ఇది చిన్న విషయం కాదు. అసలు అలా అలిసిన రాత్రి కేసులు శుభ్రం చేసుకోండి, సైజు చేసుకోండి. పౌడరు పోసే పని శనివారం పొద్దున్నకి వాయిదా వెయ్యండి. ఫోను వేరే గదిలో, బల్ల మీద ఒకే డబ్బా. హెచ్4895, ఐఎంఆర్ 4895 పేరులో కవలలు, కొలతలో కావు. ఒకదాని లెక్క ఇంకొకదానికి వాడకూడదు. మిగిలిన పౌడరు వచ్చిన డబ్బాలోకే తిరిగి వెళ్ళాలి. పేరు లేని సీసాలో పౌడరు కనిపిస్తే అది ఎంత ఖరీదైనదైనా పారెయ్యడమే.

ఎన్ని గ్రెయిన్లు పొయ్యాలో నేను కావాలనే చెప్పడం లేదు. అది మీ బుల్లెట్ కంపెనీ మాన్యువల్‌లో, పౌడరు కంపెనీ పట్టికలో ఉంటుంది, రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడాలి. వాళ్ళిచ్చిన కనిష్ఠం నుంచి మొదలుపెట్టాలి, కనిష్ఠం ఇవ్వకపోతే గరిష్ఠం కన్నా 10 శాతం తక్కువ నుంచి. బుల్లెట్ మార్చినా, ప్రైమరు మార్చినా, కేసు కంపెనీ మార్చినా మళ్ళీ కింద నుంచి రావాలి. ప్రైమరు చదునైపోవడం, బోల్టు లేవనని మొరాయించడం లాంటి లక్షణాలు కనిపించేసరికే ఒత్తిడి హద్దు దాటి ఉంటుంది. వాటికన్నా ముందు హెచ్చరించేది వేగం కొలిచే క్రోనోగ్రాఫ్. పట్టికలో గరిష్ఠానికి రాసిన వేగం మీకు అంతకన్నా తక్కువ పౌడరుతోనే వచ్చేసిందంటే అక్కడే ఆగిపోండి. ఇంకో 50 అడుగుల వేగం కోసం పాకులాడేవాళ్ళని చూస్తుంటాను, ఎల్క్‌కి ఆ తేడా తెలియదు.

తక్కువ వైపు కూడా హద్దులున్నాయి. నిదానంగా కాలే పౌడర్లని ఇష్టమొచ్చినట్టు తగ్గిస్తే ఒత్తిడి విపరీతంగా పెరిగిన సందర్భాలున్నాయి. భార్యకో, కాలేజీ పిల్లలకో తన్ను తక్కువగా ఉండే తూటా కావాలంటే హెచ్4895 ఒక్కటే నేను నమ్మేది. హాడ్జ్‌డన్ పట్టికలో ఆ బుల్లెట్‌కి ఇచ్చిన గరిష్ఠంలో 60 శాతం మిగిలేదాకా తగ్గించవచ్చని, అంతకన్నా కిందికి వద్దని ఆ కంపెనీయే చెబుతుంది. వార్గెట్‌కీ దీనికీ మధ్య తేల్చుకోలేకపోతే ఈ ఒక్క గుణం కోసం దీన్నే కొనండి. పౌండు డబ్బాకి వెలెన్ తూటాలు 120 దాకా వస్తాయి. ఒకే లాట్ నంబరున్న డబ్బాలు రెండు కొంటే రెండు మూడు సీజన్లు మళ్ళీ పరీక్షలు చెయ్యక్కర్లేదు. 2020 తర్వాత అరలు ఖాళీ అయిపోయిన రోజుల్ని చూసినవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు.

తూటాలు చేస్తారని తెలియగానే స్నేహితులు "నాకూ ఓ రెండు పెట్టెలు చెయ్యి అన్నా, డబ్బులిస్తా" అంటారు. సొంతానికి చేసుకోవడానికి ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు, అమ్మకానికి చేస్తే కావాలి. డబ్బు తీసుకోకపోయినా వద్దు. మీ రైఫిల్‌కి సరిగ్గా సరిపోయిన కొలత అతని రైఫిల్‌లో ఎక్కువైపోవచ్చు. కావాలంటే అతన్నే ఇంటికి పిలిచి, అతని మాన్యువల్, అతని రైఫిల్ పెట్టుకుని నేర్పించండి.

విమానంలో కొలరాడో వెళుతుంటే పూర్తయిన తూటాలు పెట్టెలో సర్ది చెక్-ఇన్ సామానులో, ఎయిర్‌లైన్‌కి చెప్పి పెట్టవచ్చు. చాలా ఎయిర్‌లైన్లు ఐదు కిలోలతో సరిపెడతాయి. పౌడరు, విడి ప్రైమర్లు ఏ సామానులోనూ కుదరవు. రేంజికి తీసుకెళ్ళే సంచి మాత్రం దానికే వాడండి. అదే సంచిలో బట్టలు సర్దుకుని సంక్రాంతికి ఇండియా వెళ్తే, తిరుగు ప్రయాణంలో శంషాబాద్ స్కానరుకి లైనింగులో ఇరుక్కున్న ఒక్క తూటా కనబడినా ఆయుధాల చట్టం కింద కేసు, కోర్టు చుట్టూ తిరుగుళ్ళు, తప్పిపోయిన విమానం. అమెరికాలో బయల్దేరేటప్పుడు ఎవరూ పట్టుకోలేదన్న మాట అక్కడ చెల్లదు.