చంద్రయానా, ఉద్దానం నీళ్ళా?

ఇస్రో రాకెట్ ఎగిరిన ప్రతిసారీ మన గ్రూపుల్లో రెండు రకాల మెసేజ్‌లు వస్తాయి. ఒకటి జెండా ఎమోజీలు. రెండోది, "ఉద్దానంలో తాగడానికి మంచినీళ్ళు లేవు గానీ చంద్రుడి మీద నీళ్ళు వెతుకుతున్నారు" అనే మాట. ఈ రెండో మాటని తేలిగ్గా కొట్టిపారెయ్యడం నాకు ఇష్టం లేదు. కిడ్నీ జబ్బు అక్కడ ఎన్ని ఇళ్ళని కుంగదీసిందో శ్రీకాకుళం వాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. అందుకే ముందు ఆ లెక్కే చూద్దాం.

చంద్రయాన్-3కి అయిన ఖర్చు సుమారు 615 కోట్లు. హిరమండలం రిజర్వాయర్ నుంచి వంశధార నీళ్ళని ఉద్దానం ఊళ్ళకి పైపుల్లో తెచ్చిన పథకానికి సుమారు 700 కోట్లు. మొదటిది 2023 ఆగస్టు 23న చంద్రుడి మీద దిగింది, రెండోది అదే ఏడాది డిసెంబర్ 14న మొదలైంది. అంటే ఇంచుమించు ఒకే ఖర్చుతో రెండు పనులూ ఒకే ఏడాది జరిగాయి. ఒకటి కేంద్రం డబ్బు, ఇంకోటి రాష్ట్రం డబ్బు. జబ్బుకి కారణం ఇదీ అని తేలకపోయినా, నీటి మీద అనుమానం ఎప్పటినుంచో ఉంది. అయినా పైపు రావడానికి 2023 దాకా పట్టింది. ఆ ఆలస్యాన్ని మాత్రం ఇస్రో ఖాతాలో రాయలేం.

2025-26లో అంతరిక్ష శాఖకి కేటాయించింది 13,416 కోట్లు. కేంద్ర బడ్జెట్ మొత్తం 50 లక్షల కోట్లు దాటింది. అంటే నూరు రూపాయల్లో పావలా కన్నా కాస్త ఎక్కువ. దీన్ని పెంచితే దేశం ఏమీ మునిగిపోదు. పెంచాలా వద్దా అన్నదానికంటే, పెంచిన డబ్బు ఎటు చూసే ఉపగ్రహానికి వెళ్ళాలి అన్నది నాకు పెద్ద ప్రశ్న.

మన జిల్లాలకి ఎక్కువ పనికొచ్చింది కిందికి చూసే ఉపగ్రహమే. 1977 నవంబర్‌లో దివిసీమ ఉప్పెనకి పది వేల మంది దాకా పోయారు. 1990 మేలో దాదాపు అంతే బలమున్న తుఫాను మళ్ళీ కృష్ణా తీరాన్నే తాకితే మరణాలు వెయ్యి లోపే. ఈ రెండింటి మధ్యలో ఇన్సాట్ వచ్చింది, హెచ్చరికలు ఊళ్ళకి చేరే ఏర్పాట్లు వచ్చాయి, ముందే జనాన్ని ఖాళీ చేయించడం అలవాటైంది. ఇక తిత్లీ మనకి బాగా గుర్తున్నదే. 2018 అక్టోబర్ 8న వాయుగుండంగా మొదలై, 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. గాలి వేగం గంటకి 140-150 కిలోమీటర్లు. 36,000 కిలోమీటర్ల ఎత్తు నుంచి ఇన్సాట్-3డి, 3డిఆర్ రెండూ వంతులవారీగా ఫొటోలు తీస్తే అప్పుడు పావుగంటకొకటి వచ్చేది. దగ్గరికొచ్చాక విశాఖ డాప్లర్ రాడార్ అందుకుంటుంది. అందుకే తిత్లీలో మరణాలు వేలల్లోకి వెళ్ళలేదు. కొబ్బరి చెట్లు మాత్రం పోయాయి. మనుషుల్ని తుఫాను షెల్టర్‌కి తీసుకెళ్ళగలం గానీ తోటని తీసుకెళ్ళలేం కదా. నాటు కొబ్బరి మొక్క కాపుకి రావాలంటే ఆరేడేళ్ళు. ఆ నష్టాన్ని ఏ ఉపగ్రహమూ పూడ్చదు.

సముద్రం సంగతి చూద్దాం. హైదరాబాద్‌లో ఇన్‌కాయిస్ అనే సంస్థ ఉంది. అది ఉపగ్రహాలు కొలిచిన సముద్రపు ఉపరితల ఉష్ణోగ్రతనీ, నీటి రంగునీ కలిపి చూస్తుంది. నీటి రంగుని బట్టి నాచు ఎక్కడ ఎక్కువుందో తెలుస్తుంది. చల్లటి నీళ్ళూ వెచ్చటి నీళ్ళూ కలిసే చోట నాచు పెరుగుతుంది, దాని వెనకే చేపలు. ఫలానా రేవు నుంచి ఏ దిక్కుకి, ఎంత దూరం, ఎంత లోతు అని సమాచారం పంపుతారు. మబ్బు పడితే ఉపగ్రహానికీ కనిపించదు, అది వేరే విషయం.

అయితే మన మత్స్యకారులు చాలామంది వేటకెళ్ళేది మన తీరంలో కాదు. ఇక్కడ సరైన హార్బర్లు లేక ఏటా గుజరాత్‌లోని వెరావల్ వెళ్తారు. 2018 నవంబర్ చివర్లో అలా వెళ్ళినవాళ్ళని, సరిహద్దు దాటారని పాకిస్తాన్ పట్టుకుంది. అందులో ఎక్కువమంది శ్రీకాకుళం వాళ్ళు, విజయనగరం వాళ్ళూ ఉన్నారు. 2020 జనవరి 6న 20 మంది వాఘా దగ్గర మన గడ్డ మీద అడుగుపెట్టారు. పదమూడు నెలలు! 'తండేల్' సినిమా ఈ ఘటన మీదే తీశారు. నీళ్ళ మీద గీత ఉండదు కాబట్టి, గీత దగ్గరికొచ్చాం అని బోటులోనే చెప్పేది ఒకటి కావాలి.

అలాంటిది ఇప్పుడుంది. ఇస్రో ఉపగ్రహంతో రెండు వైపులా మాట్లాడే ట్రాన్స్‌పాండర్ అది. తుఫాను హెచ్చరిక వస్తుంది, ఆపదలో ఉంటే మనం మెసేజ్ పంపొచ్చు, సరిహద్దు దగ్గరైతే హెచ్చరిస్తుంది. సెల్ టవర్ అవసరం లేదు. 2017లో ఓఖీ తుఫానప్పుడు కేరళ, తమిళనాడు బోట్లు అప్పటికే సముద్రంలో దూరంగా ఉన్నాయి, వాళ్ళకి కబురు చేరే దారి లేకపోయింది. లక్ష బోట్లకి ఈ పరికరం పెట్టే పథకం 2024 ఆగస్టులో మొదలైంది. ఖర్చు సుమారు 360 కోట్లు. బోటుకి 36,000 రూపాయలు పడుతుంది, యజమాని ఏమీ కట్టక్కర్లేదు. లక్ష బోట్లకీ కలిపి ఒక చంద్రయాన్-3 కన్నా చాలా తక్కువ.

మనం నెట్‌వర్క్స్‌లో లాస్ట్ మైల్ అని చదువుకుంటాం కదా, ఇదీ అదే. కేబుల్ వీధి చివరిదాకా వచ్చి ఆగిపోతే ఇంట్లో నెట్ రాదు. అలాగని పైన కూడా అంతా సవ్యంగా లేదు. మన సొంత జీపీఎస్ లాంటి నావిక్‌లో కొన్ని ఉపగ్రహాల అణు గడియారాలు పాడయ్యాయి. 2025 జనవరి 29న పంపిన ఎన్‌వీఎస్-02 అనుకున్న కక్ష్యకి చేరలేదు. శ్రీహరికోట నుంచి వందో ప్రయోగం కూడా అదే. ఇలాంటి వాటికి స్పేర్ ఉపగ్రహాలు సిద్ధంగా ఉండాలంటే డబ్బు పెంచాల్సిందే, నేను పెంచాలనే అంటాను. గగన్‌యాన్‌కి ఆమోదించిన 20,193 కోట్లనీ తప్పుపట్టను, మనిషిని పంపడం నేర్చుకోవాల్సిన పనే. కానీ కొత్తగా వచ్చే రూపాయికి వరస పెట్టమంటే నావిక్, వాతావరణం, సముద్రం ముందు, అంతరిక్ష కేంద్రం తర్వాత.

ఇంకో చిక్కుంది. ఆ 360 కోట్లు అంతరిక్ష శాఖ పద్దులో లేవు, మత్స్యశాఖ పథకంలో ఉన్నాయి. ఉప్పుగాలికి పరికరం పాడైతే ఎవరు బాగుచేస్తారు, వెరావల్‌లో వేరేవాళ్ళ బోటు ఎక్కే మనవాళ్ళకి దాన్ని వాడటం తెలుగులో ఎవరు నేర్పుతారు? ఇవి ఏ రాకెట్ బడ్జెట్‌లోనూ కనిపించని ఖర్చులు. ఈసారి గ్రూపులో ఎవరైనా 13,416 కోట్లు ఎక్కువా తక్కువా అని గొడవ మొదలుపెడితే, ముందు భావనపాడులోనో చింతపల్లిలోనో ఎన్ని బోట్లకి ఆ పరికరం బిగించారో కనుక్కుని రమ్మనండి.