పిలిస్తే పలికే నంబరు

జూన్ వస్తోందంటే మనకు ఊపిరాడదు. యూనిఫాం, బ్యాగు, టీసీ, ఆధార్ జిరాక్సు ఒక్కొక్కటే సర్దుకుంటాం. అడ్మిషన్ ఫారంలో ఫోను నంబరు రాసే గడిని మాత్రం నిలబడే నింపేసి వచ్చేస్తాం. పాల్వంచలో ఏళ్ల తరబడి పిల్లల మధ్య గడిపిన టీచరుగా ఆ చిన్న గడి గురించే మీతో నాలుగు మాటలు చెప్పుకోవాలని ఉంది.

ఒకసారి రెండో తరగతి పాపకు మధ్యాహ్నం జ్వరం వచ్చింది. ఫారంలో ఉన్న నంబరుకు చేస్తే స్విచ్ఛాఫ్. మళ్లీ చేశాను, మళ్లీ అదే. పాప నా ముఖంలోకే చూస్తూ, "అమ్మ ఎత్తట్లేదా టీచర్?" అంది. సాయంత్రం ఆ తల్లి పరుగున వచ్చింది. సిమ్ము మార్చి మూడు నెలలైందట, బడిలో చెప్పాలని తోచలేదట. పాపను హత్తుకుని ఆమె ఏడ్చిన ఏడుపు నేనింకా మరిచిపోలేదు. ఆమె ప్రేమలో ఏ లోటూ లేదు, లోటంతా ఆ కాగితంలో ఉంది. కానీ ఏడేళ్ల మనసుకు ఆ తేడా తెలియదు. అమ్మ రాలేదన్నదే దానికి తెలుస్తుంది.

భయపడకండి, దీన్ని సరిదిద్దుకోవడం తేలిక. మన ఊరి బతుకును బట్టి ఆలోచిద్దాం. కేటీపీఎస్ థర్మల్ విద్యుత్ కేంద్రంలో షిఫ్టు డ్యూటీ చేసే నాన్నకు యంత్రాల హోరులో ఫోను వినపడకపోవచ్చు. మిరపకాయలు ఏరడానికి వెళ్లిన అమ్మ ఫోను ఇంట్లోనే ఉండిపోవచ్చు. అడవి అంచు గూడేల్లో కొన్నిచోట్ల సిగ్నలే అందదు. అందుకని ఇంటి పెద్ద ఎవరన్నది పక్కనపెట్టి, పగటిపూట ముందుగా రాగలిగేది ఎవరో చూడాలి. వాళ్ల నంబరు మొదట రాద్దాం. దాని కింద అమ్మమ్మదో మేనమామదో, ఆ తర్వాత పక్కింటివాళ్లదో ఊళ్లో కిరాణా కొట్టువాళ్లదో, వాళ్లనడిగి రాద్దాం. పాపకు ఉబ్బసం, ఫిట్స్ లాంటివి ఉంటే దాచొద్దు. వాడే మందు పేరు కూడా రాసిద్దాం.

చిరునామా కూడా అంతే. చాలాకాలం మన ఊళ్లో కేటీపీఎస్ కూలింగ్ టవర్లే కొండగుర్తు. 2024 ఆగస్టులో ఆ పాత టవర్లు ఎనిమిదింటినీ కూల్చేశారు. అంత పెద్ద గుర్తే పోయినప్పుడు మన అద్దిల్లూ, సెల్లు నంబరూ మారడంలో వింతేముంది? దసరా సెలవులప్పుడోసారి, సంక్రాంతికోసారి బడికెళ్లి సరిచూసుకుంటే చాలు.

ఇక కాస్త కష్టమైన మాట. భార్యాభర్తలు విడిగా ఉంటున్నప్పుడు బిడ్డను ఎవరి వెంట పంపాలో, ఎవరి వెంట పంపకూడదో బడికి ముందే చెప్పాలి. చెప్పడానికి మనకు మనసొప్పదు. మనం చెప్పకపోతే గేటు దగ్గర ఆ ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది బిడ్డే. తండ్రి లేని పిల్లవాడి ఫారాన్ని అందరి ముందూ చదివించకుండా, టీచరుతో పక్కకు వెళ్లి మాట్లాడదాం. ఆ ఖాళీ గడిని చూసి వాడు ఇప్పటికే తనలో తాను చాలాసార్లు కుంగి ఉంటాడు.

ఈ వివరాలు బడికీ మనకూ మధ్యనే ఉండాలి. పిల్లల ఫొటో, ఇంటి అడ్రసు, నంబరు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకుండా ఉందాం. 18 ఏళ్లు నిండని పిల్లల డిజిటల్ వివరాలు వాడుకోవాలంటే తల్లిదండ్రుల సమ్మతి ఉండాలని 2023 నాటి చట్టం కూడా చెబుతోంది. మన సమాచారం ఎవరి చేతుల్లో ఉంటుందని బడిలో అడగడం తప్పేమీ కాదు.

అన్నిటికన్నా ముఖ్యం, ఆ నంబరు పిల్లల నోటికి రావడం. బెదిరించి బట్టీ పట్టించకండి. జడ వేస్తూనో అన్నం కలుపుతూనో పాటలా పాడిస్తే వారంలో వచ్చేస్తుంది. ఆపదలో 1098కి ఫోను చేయవచ్చని కూడా చెప్పండి. మీ నంబరులోని పది అంకెలూ నోటికొచ్చిన రోజున పిల్లల్లో ఒక ధైర్యం కనిపిస్తుంది. పిలిస్తే మావాళ్లు వస్తారన్న ధైర్యం అది.

ఈ రాత్రి భోజనాలయ్యాక పాపను పక్కన కూర్చోబెట్టుకుని ఒక తెల్లకాగితం తీయండి. "నీకు బాగోకపోతే ముందు ఎవరు రావాలమ్మా?" అని అడగండి. తను చెప్పిన పేరుతోనే ఆ కాగితం మొదలుపెట్టండి.